ఆ నాణేనికి చిల్లు పెట్టించకండి

"టోక్యోకి వచ్చి మూడు నెలలైంది. కొంబినిలో (ఇక్కడి చిన్న కన్వీనియెన్స్ షాపులో) చిల్లరగా ఇచ్చిన ఐదు వందల యెన్ల నాణెం మీద పెద్ద మూట ఎత్తుకున్న దేవుడి బొమ్మ ఉంది. చెల్లుతుందా? లేకపోతే అమ్మకి లాకెట్ చేయించి పంపుదామనుకుంటున్నా" అని ఒక తమ్ముడు అడిగాడు.

ముందు లాకెట్ సంగతి. వద్దు తమ్ముడూ. కాసుకి కొక్కెం వేయించి మెడలో వేసుకోవడం మనకి తరాల అలవాటు, అందుకే ఇక్కడ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. జపాన్‌లో నాణేన్ని కరిగించినా, పాడుచేసినా నేరం. 1947 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా రెండు లక్షల యెన్ల వరకు జరిమానా. చిల్లు పెట్టడం కూడా పాడుచేయడమే.

నాణెం మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది. టోక్యో 2020 ఒలింపిక్స్, పారాలింపిక్స్ సందర్భంగా తెచ్చిన స్మారక నాణేల్లో అదొకటి. మూట ఉంటే ఫూజిన్, గాలి దేవుడు. ఆ మూటలో ఉండేది గాలి. చుట్టూ డోళ్లు ఉంటే రైజిన్, ఉరుముల దేవుడు. క్యోటోలో సంజూసాన్‌గెన్‌దో గుడికి వెళ్తే ఇద్దరి విగ్రహాలూ చూడొచ్చు, తప్పకుండా వెళ్లు. మన వాయుదేవుడు కూడా బౌద్ధంతో పాటు ఇక్కడికొచ్చి ఫూతెన్ పేరుతో దిక్పాలకుల్లో ఉన్నాడు. ఇంద్రుణ్ణి తైషాకుతెన్ అంటారు. టోక్యోలోనే షిబామాతాలో ఆయన పేరుతో గుడి ఉంది. కొత్తలో బెంగగా ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

ఖర్చు పెట్టాలంటే మనిషి ఉన్న కౌంటర్‌లో ఇవ్వు. వెండింగ్ మెషీన్లు, టికెట్ మెషీన్లు ఇలాంటి వాటిని సాధారణంగా తీసుకోవు, వెనక్కి తోసేస్తాయి. దాంతో నకిలీదేమో అని టెన్షన్ పడకు. షాపువాళ్లు సందేహిస్తే బ్యాంకుకి తీసుకెళ్తే అదే విలువకి మార్చి ఇస్తారు. అలాంటివి చాలా పోగైతే ఒకటి గుర్తుంచుకో: ఒకే విలువ నాణేలు 20కి మించి ఒకేసారి ఇస్తే తీసుకోవాలని చట్టం లేదు.

నన్నడిగితే దాన్ని ఖర్చు పెట్టకు. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, సెలవులకి వెళ్లినప్పుడు నీ చేత్తో అమ్మకివ్వు, పూజగదిలో పెట్టుకుంటుంది. మెడలో వేసుకునేదే కావాలంటే ఐదు యెన్ల నాణెం ఉందిగా, దానికి టంకశాలలోనే మధ్యలో చిల్లు పెడతారు. ఐదు యెన్లని వాళ్ల భాషలో 'గోఎన్' అంటారు, బంధం అనే మాట కూడా అలాగే పలుకుతుంది. గుళ్లో హుండీలో ఎక్కువమంది వేసేది అందుకే దాన్నే. ఎర్రదారం ఎక్కించి అది కూడా నీ చేత్తోనే ఇవ్వు.