స్నెయిన్టన్ గాలిమరకూ గ్రీన్స్ థీరమ్‌కూ ఏమిటి సంబంధం?

ఇంజనీరింగ్ మ్యాథ్స్‌లో టెన్షన్ పెట్టే గ్రీన్స్ థీరమ్ ఎవరి పేరు మీద ఉందో, ఆ జార్జ్ గ్రీన్ ఈ మరలో పిండి పట్టినవాడే.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో బేకరీ నడిపే ఆయన తండ్రి (ఆయన పేరూ జార్జే) 1807లో ఈ ఇటుకల గాలిమర కట్టించాడు. స్నెయిన్టన్ అప్పటికి పట్నం బయట ఓ పల్లె. కొడుకు బడికెళ్లింది ఏడాదిన్నర కూడా లేదు. చిన్నప్పుడే బేకరీలో పని, ఆ తర్వాత మర.

గాలిమర పని తేలికేం కాదు. గాలి వీస్తే అర్ధరాత్రయినా లేచి ఆడించాలి. రెక్కలు గాలికి ఎదురుగా ఉండాలి, వెనక నుంచి కొడితే పైకప్పుకే ముప్పు. గింజలు అయిపోయి రాళ్లు ఒట్టిగా రాసుకుంటే నిప్పురవ్వలు లేస్తాయి, చుట్టూ చూస్తే పిండి ధూళి! ఇలాంటి పని చేస్తూనే గ్రీన్ 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద గణిత వ్యాసం అచ్చు వేయించాడు. చందాదారులు 51 మంది. వాళ్లలో ఎందరికి అర్థమైందో అనుమానమే.

1829లో తండ్రి పోయాడు. గ్రీన్ మర అద్దెకిచ్చి, 40వ ఏట కేంబ్రిడ్జ్‌లో విద్యార్థిగా చేరాడు. మర మేనేజర్ కూతురు జేన్ స్మిత్‌తో ఏడుగురు పిల్లలు, పెళ్లి మాత్రం చేసుకోలేదు. 1841లో పెద్దగా పేరు రాకుండానే చనిపోయాడు. తర్వాత ఆ వ్యాసాన్ని వెలికితీసి లోకానికి చూపించింది భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్, అంటే లార్డ్ కెల్విన్.

మర 1860ల్లో ఆగిపోయింది, 1947లో తగలబడింది. 1980ల్లో బాగుచేసి మళ్లీ గోధుమలు ఆడించడం మొదలుపెట్టారు.