ఎత్తని ఫోను

ప్రశ్న: మా తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయి ఐదు నెలలైంది. ఆస్తి పంపకం గొడవతో వాడికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. పోయే ముందురోజు రాత్రి మూడుసార్లు ఫోన్ చేశాడు. పేరు చూసి కూడా ఎత్తలేదు. నా పాపానికే దేవుడు వాణ్ణి తీసుకుపోయాడా? వాడు చర్చికి రావడం కూడా మానేశాడు, వాడి ఆత్మ ఏమైందోనని భయం. సంఘంలో వాళ్లేమో విశ్వాసులు ఇంతలా ఏడవకూడదంటున్నారు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఏడవండి. యోహాను సువార్త 11వ అధ్యాయం తీసి చూడండి. లాజరును సమాధి చేసి నాలుగు రోజులైంది. అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ విడివిడిగా వచ్చి యేసుతో ఒకే మాటన్నారు: "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." మీరు మీమీద వేసుకుంటున్న నిందను వాళ్లు నేరుగా ఆయన మీదే వేశారు. ఆయన కసురుకోలేదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఏడవకూడదని మీ సంఘంవాళ్లు చెప్పింది అపొస్తలుడైన పౌలు మాటే, కానీ సగమే చెప్పారు. "నిరీక్షణ లేని ఇతరులవలె", అంటే ఆశ లేనివాళ్లలా, దుఃఖపడొద్దని థెస్సలొనీకయులకు రాశాడు గానీ, దుఃఖమే వద్దనలేదు. కొరింథీయులకు రాస్తూ మరణాన్ని కడపటి శత్రువన్నది కూడా ఆయనే. శత్రువు ఇంట్లో చొరబడి మనిషిని ఎత్తుకుపోతే ఏడవకుండా ఎవరుంటారు? (మీవాళ్లు మేలు కోరే అని ఉంటారు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. మాట్లాడ్డం మొదలెట్టాకే వచ్చింది చిక్కు.)

ఇక ఫోను సంగతి. "మీ తప్పేం లేదు" అని నేనంటే మీరు నమ్మరు, అది నిజం కూడా కాదు. పంతంతో ఎత్తలేదు, అది తప్పే. కానీ ఆ తప్పు వేరు, ఆ ప్రమాదం వేరు. ఈ రెంటినీ మీరు ఒకే ముడి వేసేశారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగాడు, కాదన్నాడు. మారుమనస్సు పొందమని బతికున్నవాళ్లకు చెప్పాడు. అందుకని మీ పంతాన్ని పంతమనే పేరు పెట్టి దేవుని ముందు ఒప్పుకోండి. క్షమిస్తానన్న మాట మొదటి యోహాను పత్రికలో ఉంది. మర్నాడు రాత్రి ఆ మూడు మిస్డ్ కాల్స్ మళ్లీ కళ్లముందుకొస్తాయి. వచ్చినప్పుడు ఏడవండి గానీ, క్షమాపణ అడగడం మాత్రం మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టకండి.

తమ్ముడి ఆత్మ గురించి... పరలోకంలో ఉన్నాడని రాసిచ్చే అధికారం నాకు లేదు. చర్చి హాజరు చూసి నరకానికి పంపే అధికారం ఇంకెవరికీ లేదు. యేసు పక్కన సిలువ మీద ఉండి ఆయన్ను వేడుకున్న దొంగకు మిగిలింది కొన్ని గంటలే, అవి చాలాయి. వాడి చివరి గంటల్లో వాడికీ దేవుడికీ మధ్య ఏం జరిగిందో మనం చూశామా? "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అబ్రాహాము అడిగాడు. నేను కూడా ఆ ప్రశ్న దగ్గరే ఆగుతాను, భయంతో కాదు, ఆ తీర్పరి ఎవరో తెలుసు గనుక.

ఐదు నెలలుగా నిద్ర లేదంటే డాక్టరును కలవండి. విశ్వాసం తగ్గిందని ఎవరైనా అంటే అననివ్వండి. చావు కోరుకుంటూ చెట్టుకింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు పంపింది రొట్టె, నీళ్లు. మీకూ చచ్చిపోవాలనిపిస్తుంటే ఒంటరిగా ఉండకండి, ఈరోజే ఇంట్లో ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తమ్ముడి భార్య గురించి మీరొక్క ముక్కా రాయలేదు. పంపకం సంగతి ఇంకా తేలకపోతే మీరే వెళ్లి, వాడికి రావలసింది ఆమెకు అప్పగించండి. ఆ రాత్రి వాడెందుకు ఫోన్ చేశాడో ఆమెకు తెలిసుండొచ్చు. మొదటి రోజే అడక్కండి.