బార్బడోస్‌లో ఒక్కరోజే ఉంటాం, అమ్మానాన్నలతో బస్సు టూర్ తీసుకోవచ్చా, డబ్బు దండగా?

తీసుకోండి. బీచ్‌కి మాత్రం పెద్దవాళ్ళని లాక్కెళ్ళకండి. మా అమ్మ భీమిలిలోనే చీర తడుస్తుందని ఇసుకలో చెప్పులు పట్టుకుని నించుంటది, ఆవిడకి కరీబియన్ సముద్రం ఎంత నీలంగా ఉంటే ఏంటి చెప్పండి.

మేం 2025 మార్చిలో వెళ్ళాం. క్రూజ్ ఓడ దిగగానే ఏసీ బస్సు ఎక్కించారు. బ్రిడ్జ్‌టౌన్‌లో కెన్సింగ్టన్ ఓవల్ క్రికెట్ గ్రౌండ్ దాటుతుంటే మేం ఇండియన్స్ అని తెలిసి గైడ్ ఇక 2024 టీ20 వరల్డ్ కప్ ఫైనల్, సూర్యకుమార్ క్యాచ్ దగ్గరే ఆగిపోయాడు, కాలు బౌండరీ తాడుకి తగిలిందా లేదా అని బస్సులో పంచాయితీ కూడా పెట్టాడు. బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, అమెరికాలో నా కార్లో ఎప్పుడూ డోర్ హ్యాండిల్ పట్టుకుని కూర్చునే నాన్న అక్కడ హాయిగా కూర్చున్నాడు.

ఊరు దాటాక రెండు పక్కలా చెరకే. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, నాన్న నలభై ఏళ్ళు చెరకు వేసినోడు. అప్పటిదాకా నిద్రపోతున్న మనిషి కాస్తా అద్దానికి అతుక్కుపోయాడు. "ఇది మొక్కతోట కాదురా, కార్శి" అని, అంటే కొత్తగా నాటింది కాదు, నరికిన మొదళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చిన తోట అని కదిలే బస్సులోంచే తేల్చేశాడు, నిజమో కాదో దేవుడికెరుక.

చెర్రీ ట్రీ హిల్ అని ఒక కొండ మీద ఆపారు. సుమారు 850 అడుగుల ఎత్తు, కింద అట్లాంటిక్ తీరం మొత్తం పరుచుకుని కనిపిస్తది. చెర్రీ చెట్టు ఒక్కటి లేదు, అన్నీ మహాగని. దాని పక్కనే సెయింట్ నికొలస్ ఆబీ, అంటే సన్యాసుల మఠం అనుకుంటాం కదా, అది ఏనాడూ మఠం కాదట, 1650ల్లో కట్టిన చెరకు తోట దొరగారి బంగళా. నేతిబీరకాయలో నెయ్యి చందం.

కానీ అసలు టూరంతా నాకు అక్కడే. వెనకాల షెడ్డులో 1890 నాటి ఆవిరి గానుగ ఆ రోజు నడుస్తోంది. చెరకు నలిగిన వాసన తగలగానే నాన్న గుంపుని వదిలేసి సరాసరి గానుగ దగ్గరికి పోయి, పిప్పి పిడికిలిలో పిండి చూసి, ఇంకా రసం ఉండిపోతోందని అక్కడ పనిచేసే పెద్దాయనకి సైగలు చేస్తున్నాడు! ఆయన నవ్వి ఓ చెరకు ముక్క చేతిలో పెట్టాడు. "ఏటి బాబూ, ఎకరాకి ఎన్ని టన్నులొస్తాది?" అని నాన్న, నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయన ఈసారి వానల్లేవు అంటూ ఆకాశం చూపించాడు. దానికి నాన్న తల ఊపిన తీరు చూడాలి, ఏదో పక్కూరి రైతు చెప్పినట్టే. ఆ రసం కాచి పాకం చేసి రమ్ముకి వాడతారని చెప్తే మాత్రం ముఖం మాడ్చుకున్నాడు, ఇంత మంచి రసాన్ని బెల్లం వండకుండా సారాకి పోస్తారా అని.

అక్కడే గైడ్ ఈ తోటల్లో పనిచేసిన బానిసల సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు. 1834లో బానిసత్వం రద్దు చట్టం అమల్లోకి వచ్చిందన్నాడు, ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు 1838 దాకా అప్రెంటిస్‌లు అని పేరు మార్చి అదే తోటల్లో పని చేయించుకున్నారని మాత్రం చెప్పలేదు. నాన్న అడిగాడు, "ఈళ్ళకి కూలెంతిచ్చేవోరు?" అని. కూలీ లేదు నాన్నా, మనుషుల్నే కొనుక్కున్నారు అన్నాను. చేతిలో ముక్క కొరకడం ఆపేశాడు.

ఇంతలో బస్సు హారన్. గానుగ దగ్గర పదిహేను నిమిషాలు, ఆ తర్వాత సావనీర్ల షాపు దగ్గర నలభై నిమిషాలు! వీళ్ళకి అక్కడ కమిషన్ ఉంటది, నాకెవరూ చెప్పక్కర్లేదు. వెజిటేరియన్ అని ముందే రాసిచ్చినా లంచ్‌కి అమ్మకి దక్కింది మాకరోనీ పై (పాస్తా, చీజ్ కలిపి బేక్ చేసేది) ఒక్కటే. చిన్న వయసువాళ్ళైతే ఈ టూర్ ఎందుకు, గవర్నమెంట్ నీలం బస్సు ఎక్కితే మూడున్నర బార్బడోస్ డాలర్లు, అంటే అమెరికా లెక్కలో డాలరు ముప్పావలా, బత్‌షెబా బీచ్‌లో ఆ పెద్ద పెద్ద బండరాళ్ళ దాకా పోవచ్చు. మోకాళ్ళ నొప్పులవాళ్ళతో అది కుదరదు.

సాయంత్రం ఓడ ఎక్కేటప్పుడు సెక్యూరిటీ స్కానింగ్‌లో నాన్న జేబులోంచి ఆ చెరకు ముక్క బయటపడింది. సగం తిని, సగం జాగ్రత్తగా దాచాడు. మూడు కళ్ళున్న ముచ్చె, అంటే మొలకెత్తే కణుపులున్న నాటే ముక్క, ఊళ్ళో పాతుదామని. మొక్కలూ గింజలూ ఓడలోకి రానివ్వరని నేనే తీసి బుట్టలో పడేశాను. మొన్న ఫోన్‌లో కూడా అడిగాడు, ఆ రకం విత్తనం ఆన్‌లైన్‌లో దొరుకుద్దేమో చూడరా అని.