నొప్పి తగ్గిన రోజునే జాగ్రత్త

చి.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పరీక్షలన్నీ నార్మల్‌గా వచ్చినా ఒళ్ళంతా రోకటితో దంచినట్టు ఉంటోందనీ, డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అన్నారనీ, ఇంట్లో మాత్రం ఎవరూ నమ్మడం లేదనీ వ్రాశావు. పన్నెండేళ్ళ క్రితం నా రిపోర్టులు చూసిన మొదటి డాక్టరుగారు "మీకేమీ లేదమ్మా" అని పంపించివేస్తే, మీ పెదనాన్నగారు దేవుడికి దండం పెట్టుకున్నారు, నేను మాత్రం ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. కనుక నువ్వు చెప్పేది నాకు కొత్త కాదు.

ముందుగా ఈ జబ్బు తీరు తెలుసుకో. ఇందులో కీళ్ళు అరగవు, వాచవు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ వంటి రక్త పరీక్షలలో వాపు జాడ కనిపించదు. తేడా ఉన్నది నొప్పి సంకేతాలను అందుకొనే వెన్నుపాము, మెదడులలోననీ, చిన్న ఒత్తిడిని కూడా అవి పెద్ద నొప్పిగా లెక్కగడుతున్నాయనీ నేటి వైద్యులు చెబుతారు. అందువల్లనే గాజులు తొడిగించుకున్నా, పసిపిల్ల ఒడిలో మోకాలు ఆనించినా ప్రాణం విలవిలలాడుతుంది. అది నీ కల్పన కాదు, నటన అంతకన్నా కాదు.

1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (కీళ్ళ, కండరాల జబ్బుల వైద్యుల సంఘం) వారు పెట్టిన లెక్క ప్రకారం ఒంటి మీద 18 చోట్ల నొక్కి, కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనేవారు. 2010లో ఆ పద్ధతిని మార్చి, నొప్పి ఎన్ని భాగాలకు పాకిందో, నిద్ర లేచాక బడలిక తీరుతోందో లేదో, మతిమరుపు ఎంత ఉందో, ఇదంతా కనీసం మూడు నెలలుగా ఉందో లేదో చూడడం మొదలుపెట్టారు. మతిమరుపు అంటే గుర్తొచ్చింది: ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నేను ఒకనాడు త్రిక సంధి అన్న మాట నోటికి రాక, సుద్దముక్క పట్టుకొని బోర్డు వైపు తిరిగి నిలబడిపోయాను. పిల్లలు నేనేదో వ్రాయబోతున్నాననుకొని ఎదురుచూశారు. నీకూ అలా జరిగితే మతి పోతోందని బెంగపడవద్దు.

అయితే థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ డి తక్కువ కావడం కూడా ఇలాంటి నొప్పులే తెస్తాయి కనుక, ఆ పరీక్షలు అయ్యాయో లేదో ఒకసారి చూసుకో. కీళ్ళు వాచినా, జ్వరం విడవకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కాలో చెయ్యో పట్టు తప్పినా దీని ఖాతాలో వేయకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక అసలు సంగతి. ఈ జబ్బులో నన్ను దెబ్బతీసినవి నొప్పి ఉన్న రోజులు కావు, తగ్గిన రోజులు. ఒక సంక్రాంతికి ముందు ఒళ్ళు తేలికగా అనిపించి, పేరుకుపోయిన పనంతా ఆ ఒక్క పూటలో తీర్చేద్దామని మూడు కేజీల బియ్యప్పిండికి అరిసెలు వత్తాను, పరదాలు ఉతికాను, వాకిలంతా చుక్కల ముగ్గు పెట్టాను. పండుగ మూడు రోజులూ మంచం మీదనే ఉన్నాను. అప్పటి నుంచి మంచి రోజైనా చెడ్డ రోజైనా ఒకే కొలత పెట్టుకున్నాను. మొదట గడియారం చూసుకొని డాబా మీద ఏడు నిమిషాలు నడిచాను. ఎనిమిదో నిమిషం నడవగలననిపించినా ఆగేదాన్ని. వారానికొక నిమిషం చొప్పున పెంచుకుంటూ అరగంటకు చేరడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మొదటి వారాలలో నొప్పి కొంచెం ఎక్కువైనట్టే ఉంటుంది, దానికి భయపడి మానవద్దు. మరీ ఎక్కువైతే రెండు నిమిషాలు తగ్గించుకో. యూలార్ అనే ఐరోపా రుమటాలజీ సంఘం 2016లో ఇచ్చిన సిఫారసులలో అన్ని చికిత్సలనూ తూచి, గట్టిగా చెయ్యమన్నది వ్యాయామం ఒక్కటే. నడక నచ్చకపోతే తేలికపాటి యోగా అయినా, ఈత కొలను నీళ్ళలో నడిచినా మంచిదే.

రెండవది నిద్ర. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవడం, మధ్యాహ్నం మూడు దాటితే కాఫీ ముట్టకపోవడం నాకు బాగా పనిచేశాయి. గురక ఉంటే డాక్టరుకు తప్పక చెప్పు.

నువ్వుల నూనె గోరువెచ్చగా రాసుకొని వేడినీళ్ళ స్నానం చేస్తే హాయిగానే ఉంటుంది, కానీ ఆ హాయి పూటకే సరి. పసుపు పాలు ఇష్టమైతే తాగు, వాటిని మందుగా నమ్ముకోవద్దు. ఇక ఆకుమందు, పొడి పొట్లాల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒకరిచ్చిన పొడితో వారంలో నా నొప్పి మాయమైంది. రెండు నెలలకు ముఖం ఉబ్బి, షుగరు పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని తర్వాత చూసిన డాక్టరు అనుమానించారు. ఆ పొడిని ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమేనట, ఆయన చూస్తుండగా మెల్లగా దింపించారు.

డాక్టరు అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ వంటివి వ్రాస్తే, ఇవి దిగులుకు ఇచ్చే మందులు కదా అని నొచ్చుకోవద్దు. నొప్పి సంకేతాల జోరు తగ్గించడానికీ వాటిని వాడతారు. మామూలు నొప్పి బిళ్ళలు దీనికి పెద్దగా పనిచేయవు సరికదా, నెలల తరబడి మింగితే కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేయవచ్చు.

మీ అత్తగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు, కావాలంటే నేను ఫోను చేసి మాట్లాడతాను. వచ్చే నెల మన ఇంట్లో పెళ్ళికి రెండు రోజులు ముందుగా రా. వచ్చిన రోజు వంటింట్లో అడుగుపెట్టనివ్వను, సాయంత్రం డాబా మీద ఏడు నిమిషాలు నడిపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ