పుంజు ముడుచుకుని మూల నిలబడితే: పెరటి కోళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పెరట్లో ఒక డేగ పుంజు, ఆరు పెట్టలు ఉన్నాయి. పుంజుకు రెండేళ్లు, బరువు మూడున్నర కిలోలు ఉండేది. ఐదు రోజులుగా తెల్లవారుజామున కూయడం లేదు. ఈకలు ఉబ్బించుకుని గోడ మూల నిలబడుతోంది. గింజలు చల్లితే ఒకటి రెండు ముక్కున పట్టి వదిలేస్తోంది, నీళ్లు మాత్రం బాగా తాగుతోంది. రెట్ట ఆకుపచ్చగా, పలచగా పడుతోంది. గొంతు కింద సంచి ఉబ్బెత్తుగా కనపడుతోంది. మా పక్కనే మిర్చి బస్తాలు దించే గోడౌను ఉంది, పుంజు పగలంతా అక్కడే తిరుగుతుంది. మిరప గింజలు తిని వేడి చేసిందని కొందరు, కొక్కెర తెగులని కొందరు అంటున్నారు. షాపులో ఇచ్చిన టెట్రాసైక్లిన్ పౌడరు మూడు రోజులు నీళ్లలో కలిపాం, గుణం లేదు. పెట్టలు బాగానే ఉన్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్లపాడు, గుంటూరు

జవాబు: ముందు మిరపకాయ మీద పడ్డ నింద తీసేద్దాం. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. మన నోట్లో ఆ మంటను పసిగట్టే గ్రాహకం పక్షులకూ ఉంది, కానీ వాటిలో అది క్యాప్సైసిన్‌కు స్పందించదు. అందుకే ఎంత ఘాటు కాయనైనా కోడి గింజల కోసం హాయిగా పొడుచుకు తింటుంది. పురుగుమందు పట్టించిన విత్తనాల సంగతి వేరు. అవి తింటే చొంగ కారడం, వణుకు, కాళ్లు పడిపోవడం లాంటివి గంటల్లోనే బయటపడతాయి. మీ పుంజు ఐదు రోజులుగా నెమ్మదిగా నీరసిస్తోంది కాబట్టి అది కాదు.

ఇక రెట్ట రంగు. ఆకుపచ్చ రెట్ట చూడగానే కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) అనేయడం మనకు అలవాటు. ఆ తెగులులో రెట్ట ఆకుపచ్చగా పడే మాట నిజమే. కానీ ఏ కారణంగానైనా కోడి రెండు రోజులు మేత ముట్టకపోతే, పేగుల్లోకి దిగిన పైత్యరసం మేత లేకుండా ఒట్టిదే బయటికొస్తుంది. ఆ పచ్చదనం దానిదే. అంటే పచ్చ రెట్ట చెప్పేది ‘లోపలికి మేత వెళ్లడం లేదు’ అని మాత్రమే. ఎందుకు వెళ్లడం లేదన్నది వేరే చోట వెతకాలి. పైగా కొక్కెర తెగులు సోకిన ఐదారు రోజులకు లక్షణాలు కనిపిస్తాయి, టీకా పడని మందలో అది ఒక్కదానితో ఆగడం అరుదు. కలిసి తాగి, కలిసి పడుకునే ఆరు పెట్టలూ ఇప్పటికీ చలాకీగా ఉన్నాయంటే అనుమానం ఆ వైపు కొంత తగ్గుతుంది. పూర్తిగా కొట్టేయలేం కాబట్టి పుంజును ఈ రోజే వేరు చేయండి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ‘గొంతు కింద సంచి’. తిన్న గింజ ముందుగా నిలవుండే మేత సంచి అది. రొమ్ముకు పైన, కాస్త కుడివైపుగా తగులుతుంది. సాయంత్రం అది నిండుగా ఉండటం సహజం. రాత్రంతా కొంచెం కొంచెంగా కిందికి దిగి, తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. కాబట్టి రాత్రి పుంజును గంప కింద మూసి, నీళ్లు మాత్రం పెట్టండి. తెల్లవారుజామున వెలుగు రాకముందే, మేత వేయకముందే సంచిని చేత్తో తడమండి. మధ్యాహ్నం చూస్తే ఏమీ తేలదు.

పొద్దున్నే సంచి గట్టిగా, తడి గుడ్డ ఉండ చుట్టినట్టు తగిలితే లోపల ఏదో అడ్డం పడింది. గోడౌను చుట్టూ తిరిగే పుంజు విషయంలో మా మొదటి అనుమానం గోనె పీచు, బస్తాలు కుట్టే పురికొస. పొడవాటి ఎండుగడ్డి కూడా ఇదే పని చేస్తుంది. పీచు ఉండ కట్టి దారి మూస్తుంది, మీద పడ్డ గింజలు అక్కడే నాని ఉబ్బుతాయి. కోడికి ఆకలి ఉంటుంది, చోటుండదు. అందుకే గింజ పట్టి వదిలేస్తుంది. అలా కాక సంచి మెత్తగా, నీళ్ల బెలూనులా ఊగుతూ, నోరు తెరిస్తే పులిసిన పిండి వాసన వస్తే అది బూజు జాతి ఈస్టు పెరిగి సంచి పులియడం. అడ్డంకిని పట్టించుకోకపోయినా ఇది వస్తుంది. టెట్రాసైక్లిన్ లాంటివి మంచి బ్యాక్టీరియాను చంపేసి ఈస్టుకు చోటివ్వడం వల్లా వస్తుంది. మీరు మూడు రోజులు కలిపిన పౌడరు ఈస్టు మీద పనిచేయదు, దాన్ని పెంచి ఉండవచ్చు కూడా. ఇవాళే ఆపేయండి.

గట్టిగా ఉంటే ఇలా చేయండి. 24 గంటలు మేత పూర్తిగా ఆపండి, నీళ్లు ఆపకండి. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చని నీళ్లు 5 మి.లీ., కొబ్బరినూనె 2 మి.లీ. తీసుకుని, ముక్కు పక్క సందులోంచి చుక్కచుక్కగా వేయండి. ప్రతి చుక్కా మింగిందాకా ఆగాలి. కోడికి గాలి పోయే రంధ్రం నాలుక వెనకే, నోట్లోనే తెరుచుకుని ఉంటుంది. ఒక్కసారిగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దానికి తిరుగు లేదు. పది నిమిషాలాగి సంచిని వేళ్లతో గుండ్రంగా, చపాతీ పిండి అదిమినట్టు ఐదు నిమిషాలు మర్దన చేయండి. రోజుకు నాలుగుసార్లు ఇలాగే. తలకిందులుగా పట్టుకుని కక్కించమని ఎవరైనా చెబితే వినకండి, అలా చేసి ఊపిరాడక చచ్చిన కోళ్లు చాలా ఉన్నాయి. నోట్లోంచి దారం కొస కనపడినా లాగొద్దు. రెండో కొస లోపల ఎక్కడ చిక్కుకుందో తెలియదు.

మర్నాడు పొద్దున సంచి సగానికి తగ్గితే దారి తెరుచుకున్నట్టే. మరో రోజు కొనసాగించండి. 48 గంటలకూ తగ్గకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. డాక్టరు సంచి మీద చిన్న కోత పెట్టి, ఉండను తీసి, సంచికీ చర్మానికీ వేర్వేరుగా కుట్లు వేస్తారు. ఆలస్యం కాకపోతే కోళ్లు దీన్ని బాగానే తట్టుకుంటాయి. వారం రోజులు పస్తున్న పక్షి తట్టుకోలేదు.

సంచి మెత్తగా ఉండి పులిసిన వాసన వస్తుంటే నూనె వద్దు. బెల్లం నీళ్లు, గ్లూకోజు అసలు వద్దు, తీపి ఈస్టుకు మేత. 12 నుంచి 24 గంటలు మేత ఆపి మంచినీళ్లు మాత్రం ఇస్తూ డాక్టరుకు చూపించండి. దీనికి నిస్టాటిన్ లాంటి మందు కావాలి, మోతాదు బరువును బట్టి ఆయనే చెప్పాలి. పాత రోజుల్లో నీళ్లలో మైలుతుత్తం కలిపేవారు. కొలత కొంచెం తప్పినా అది విషం, ఇంట్లో ప్రయత్నించకండి.

దారి తెరుచుకున్నాక మూడు రోజులు మెత్తటి గంజన్నం, ఉడికించిన గుడ్డు, నానబెట్టిన దాణా కొద్దికొద్దిగా నాలుగుసార్లు పెట్టండి. ఆపైన గింజలు. ఒక పిడతలో మినుము గింజంత గులకరాళ్లున్న కృష్ణ ఇసుక ఎప్పుడూ ఉంచండి. కోడికి పళ్లు లేవు, కందనకాయలో ఈ రాళ్లే గింజను నూరతాయి. గోడౌను వైపు ఒక వల కట్టకపోతే మళ్లీ ఇదే పరిస్థితి.

ఒకవేళ తెల్లవారుజామున సంచి ఖాళీగా ఉంటే మా అనుమానం తప్పు. అప్పుడు పక్షి మొత్తాన్ని చూడాలి. రొమ్ము ఎముకకు రెండు పక్కలా వేళ్లు పెట్టండి. కండ నిండుగా ఉంటే జబ్బు కొత్తది, ఎముక కత్తి అంచులా తగిలితే వారాల తరబడి లోపల కరిగిపోతోందని అర్థం. నాటు పుంజుల్లో దీనికి ఎక్కువగా కారణం నట్టలు, అంటే పేగుల్లో పెరిగే పాములు. తురాయి పాలిపోవడం కూడా దానికి తోడు సాక్ష్యం. రెట్టలో సేమ్యా ముక్కల్లాంటి తెల్లటి పాములు కనపడితే ఖాయం, కనపడకపోయినా లేవని కాదు. ఆల్బెండజోల్ కిలో బరువుకు 10 మి.గ్రా. లెక్కన వేయాలి. 2.5 శాతం ద్రావణం ఒక మి.లీ.లో 25 మి.గ్రా. ఉంటుంది కాబట్టి మూడు కిలోల పుంజుకు 1.2 మి.లీ. చాలు. మూడు వారాలకు మళ్లీ ఒకసారి. పెట్టలకూ వేస్తే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డాక్టరును అడగండి. రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి పేలు చూడండి, అవి కూడా పక్షిని పీల్చి పారేస్తాయి. తురాయి ఊదారంగుకు తిరిగి, తమ్మెలు వాచి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే ఈ పరీక్షలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

ప్రశ్న: మా పుంజు తురాయి మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులు లేచాయి. ఒక కన్ను మూసుకుపోయింది. గోళ్లతో గిల్లి పసుపు పెట్టమంటున్నారు. చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, రైవస్ కాలువ దగ్గర, విజయవాడ

జవాబు: గిల్లొద్దు. ఇది కోళ్లకు పోసే అమ్మవారు. వైరస్ జబ్బు, దోమల వల్ల ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువల పక్కనున్న ఇళ్లలో వానాకాలం చివర ఇది కనపడితే ఆశ్చర్యం లేదు. పొక్కు గిల్లితే రక్తం కారుతుంది, పుండు చీము పడుతుంది. రాలిన చెక్కులో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. మనుషులకు మాత్రం ఇది అంటదు.

వైరస్‌ను చంపే మందు లేదు. మూడు నాలుగు వారాల్లో పొక్కులు ఎండి వాటంతట అవే రాలతాయి. అప్పటిదాకా పుంజును బతికించుకోవడమే వైద్యం. పొక్కుల మీద రోజుకు రెండుసార్లు పోవిడోన్ అయోడిన్ దూదితో అద్దండి, కంట్లో పడనీయకండి. కన్ను కోసం అర లీటరు నీళ్లు మరిగించి, టీస్పూనుకు కొంచెం తక్కువ ఉప్పు వేసి చల్లార్చండి. ఆ నీళ్లతో దూది తడిపి, రెప్పలు నానేదాకా పెట్టి తుడవండి. కన్ను కనపడని కోడి మేత దొరక్క చస్తుంది గానీ పొక్కుల వల్ల కాదు. కాబట్టి గిన్నె ముక్కు దగ్గరే పెట్టి, తిన్నదో లేదో సాయంత్రం మేత సంచి తడిమి చూసుకోండి. నోట్లో పసుప్పచ్చ పొరలు కట్టి ఊపిరి గురగురమంటుంటే అది ఇదే జబ్బులో ప్రమాదకరమైన రకం, డాక్టరు కావాలి. ఇంకా సోకని కోళ్లకు రెక్క పొరలో పొడిచే టీకా ఉంది. రాత్రి గూటికి సన్న దోమతెర కట్టండి.

ప్రశ్న: సంక్రాంతి ముందు సంతలో కొన్న పుంజు పది రోజులకు మెడ వంకర తిప్పుతూ గుండ్రంగా తిరుగుతోంది. పాత కోళ్లలో రెండు తుమ్ముతున్నాయి, ఒకటి చచ్చింది. విటమిన్ లోపమేనా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ఒక్క పుంజుకే మెడ తిరిగి, మిగతావి బాగుంటే బి1 లేదా ఇ విటమిన్ లోపం అనుకోవచ్చు. బి1 లోపమైతే విటమిన్ వేసిన ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. మీ దగ్గర తుమ్ములున్నాయి, చావు ఉంది, సంత నుంచి కొత్త పక్షి వచ్చింది. ఇది కొక్కెర తెగులు అన్నట్టే జాగ్రత్త పడండి. ఈ జబ్బుకు రాణిఖేత్ అన్న పేరు కుమావూ కొండల్లోని ఊరి నుంచి వచ్చింది. దీనికి మందు లేదు. బతికిన పక్షికి మెడ వంకర అలాగే మిగిలిపోవచ్చు.

చచ్చిన కోడిని కాలువలో గానీ చెత్తకుప్పలో గానీ వేయకండి. మూడడుగుల గొయ్యి తీసి, పైనా కిందా సున్నం చల్లి పూడ్చండి. అంతకన్నా మేలు, ఆ కోడిని కవర్లో పెట్టి పశువైద్యుడికి చూపించడం. కోసి చూస్తే పది నిమిషాల్లో చాలా తేలుతుంది. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ మీకు దూరమేమీ కాదు. కానీ ఒకే రోజు మూడు నాలుగు కోళ్లు హఠాత్తుగా పడిపోయి, తురాయి నీలమై, కాళ్ల మీద ఎర్రటి రక్తపు మచ్చలుంటే చేత్తో ముట్టకండి, కోయకండి, పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు జబ్బు తిరుగుతున్న మందకు టీకా మీ అంతట మీరు వేయించకండి, డాక్టరు చూసి చెప్పాలి. తర్వాతి తరానికి మాత్రం తప్పొద్దు. పిల్ల వయసు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో లసోటా టీకా ఒక చుక్క, ఎనిమిది వారాలకు ఆర్2బి టీకా చర్మం కింద అర మి.లీ. టీకాకు వారం ముందు నట్టల మందు పడాలి. పెరటి కోళ్లలో టీకా విఫలమయ్యేది ఎక్కువగా వేడి వల్లే. సీసాను ఐసులో తెచ్చి, కలిపిన రెండు గంటల్లోపు వాడేయాలి. సీసాలో వంద కోళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి వీధిలో నలుగురైదుగురు కలిసి ఒకే ఉదయం వేయించుకోండి. ఇకపై సంతలో కొన్న పక్షిని మూడు వారాలు వేరే గూట్లో, వేరే గిన్నెలతో ఉంచండి. రోజూ పాత కోళ్లకు మేత వేశాకే కొత్తదాని దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: డాబా మీద పెంచే పుంజు ఒక కాలు ఎత్తిపెట్టి నిలబడుతోంది. అరికాలిలో నల్లటి చెక్కుతో గడ్డ ఉంది.
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: పిట్టగోడ మీంచి సిమెంటు నేల మీదికి రోజూ దూకే బరువైన పుంజులకు వచ్చే గడ్డ ఇది. చిన్న గాయంలో స్టాఫైలోకాకస్ బ్యాక్టీరియా చేరి చీము గట్టిపడుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు పావుగంట నానబెట్టి, ఆరబెట్టి, పోవిడోన్ అయోడిన్ పూసి, దూది పెట్టి కట్టు కట్టండి. కట్టు రోజూ మార్చండి. గ్లవ్స్ వేసుకోండి, ఈ బ్యాక్టీరియా మన చేతి గాయాలకూ అంటుతుంది. కోడి చీము మనుషులకు పట్టినట్టు కారదు, జున్ను ముక్కలా గట్టిగా ఉంటుంది కాబట్టి నొక్కితే రాదు. వారంలో తగ్గకపోతే డాక్టరు కోసి ఆ గింజను తీయాలి. కూర్చునే కర్రను రెండడుగుల ఎత్తుకు దించి, కింద నాలుగంగుళాల మందాన వరిపొట్టు పోయండి.