మేస్త్రీ, మాస్టారు, మినిస్టరు

ప్రశ్న: ఇల్లు కట్టేవారిని మేస్త్రీ అంటాం. ఇది తెలుగు మాటేనా? హైదరాబాదులో కొందరు మిస్త్రీ అంటారు, ఏది ఒప్పు? పనిలోకి వచ్చిన అందరినీ మేస్త్రీ అనొచ్చా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తెలుగూ కాదు, సంస్కృతమూ కాదు. చివరి అక్షరాలు చూసి 'స్త్రీ'తో ముడిపెట్టకండి. ఇది పోర్చుగీసు 'మెస్త్రె'. పనిలో ఆరితేరినవాడు, పని నేర్పేవాడు అని అర్థం. పోర్చుగీసువాళ్లు 1510లో గోవాను పట్టుకున్నారు. వాళ్ల మాట పడమటి తీరం నుంచి దేశమంతా పాకి హిందీలో మిస్త్రీ, తెలుగులో మేస్త్రీ అయింది. రెండూ ఒప్పే. కాకపోతే హిందీవాళ్లకు వడ్రంగీ, మెకానిక్కూ కూడా మిస్త్రీలే. మనకు ఇస్త్రీ, బొత్తాము కూడా ఆ భాష నుంచి వచ్చినవే.

'మెస్త్రె'కు మూలం లాటిన్ 'మజిస్తెర్'. ఇంగ్లీషు 'మాస్టర్' కూడా దాని సంతానమే కాబట్టి మీ దర్జీ మాస్టారూ, తాపీ మేస్త్రీ ఒకే ఇంటివాళ్లు. 'మజిస్తెర్'లో ఉన్నది 'ఎక్కువ' అనే మాట. దానికి ఎదురుగా 'తక్కువ' అనే మాట నుంచి పుట్టింది 'మినిస్టర్', అంటే సేవకుడు. పుట్టుక లెక్కన మంత్రిగారి కంటే మేస్త్రీయే పెద్ద!

అందరినీ అనకూడదు. ఇటుకలు, మాలు (సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద) అందించేవారు కూలీలు. తాపీ పట్టినవాడు మేస్త్రీ. అందులోనూ అసలు పరీక్ష మూల దగ్గరే. ముందు రెండు చివర్లా మూలమట్టం (మూల సరిగ్గా ఉందో చూసే L ఆకారపు పనిముట్టు) పెట్టి, గోడ నిలువు చూసేందుకు దారానికి కట్టిన గుండు వదిలి మూలలు లేపుతారు. తర్వాత వాటి మధ్య దారం లాగి వరస నింపుతారు. దారం వెంట ఇటుక పేర్చడం కొద్ది రోజుల్లో వస్తుంది, మూల లేపడం రాదు. మూల అర అంగుళం వాలితే దారమూ వాలుతుంది, ఆ వంకర గోడంతా పాకుతుంది. దాన్ని పూతలో కప్పాలంటే ఒకచోట మాలు మందంగా పడి, తర్వాత పగుళ్లిస్తుంది.

తాపీ పట్టని మేస్త్రీలూ ఉన్నారు. బజార్లో మూటలు మోసే ముఠాకు పెద్ద ముఠా మేస్త్రీ. తెలుగు కూలీలకు బయానా ఇచ్చి రంగూన్ ఓడ ఎక్కించి, తర్వాత కూలిలోంచి కోసుకున్నవాళ్లనూ మేస్త్రీలనే అన్నారు. అక్కడ ఆ మాటకు నేర్పుతో పని లేదు, అజమాయిషీ ఒక్కటే మిగిలింది.