కాలి పుండు మొండికేస్తే

పాదాల మీద, పిక్కల కింద ఎంతకీ మానని పుళ్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు వైద్యుల జవాబులు

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. ఎడమ చీలమండకు కాస్త పైన, లోపలి వైపు గీసుకుపోయిన చోట పుండు పడి రెండు నెలలైంది. ఎప్పుడూ నీరు కారుతుంటుంది. చుట్టూ చర్మం నల్లబడింది. ఆయింట్‌మెంట్లు నాలుగు మార్చాం. నొప్పి పెద్దగా లేదు కదా, ఇంకొన్నాళ్లు చూడొచ్చా?

జవాబు: వద్దు, చూసింది చాలు. రెండు వారాలకు పుండు చిన్నదవుతున్న జాడ కనబడకపోతే చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు పాదం మీద పుండైతే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు.

పుండు ఉన్న చోటు, కారే నీరు, చుట్టూ నలుపు... మూడూ సిరల జబ్బు వైపే చూపిస్తున్నాయి. కాలి సిరల్లో రక్తం పైకి పోవాలి. లోపలి కవాటాలు వదులైతే అది కిందికి జారి చీలమండ దగ్గర నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి ఎర్రకణాలు చర్మంలోకి ఊరతాయి, వాటిలోని ఇనుము అక్కడే పేరుకుని చర్మం రంగు మారుతుంది. సాయంత్రానికి కాలు వాచి తెల్లారేసరికి తగ్గుతోందా? పిక్కల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయా? గమనించి డాక్టరుకు చెప్పండి.

ఇలాంటి పుండుకు ఆయింట్‌మెంటు నాలుగు కాదు, పద్నాలుగు మార్చినా ఒరిగేదేమీ లేదు. పని చేసేది ఒత్తుడు కట్టు. వేళ్ల మొదళ్ల నుంచి మోకాలి కింది వరకు కడతారు. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గాలి. అయితే ముందు కాలికి రక్తం తెచ్చే ధమనుల సంగతి తేలాలి. డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గర రక్తపోటు కొలిచి, దాన్ని చేతి రక్తపోటుతో భాగిస్తారు. దీన్నే ఏబీఐ (యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్) అంటారు. 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే ధమనుల్లో అడ్డున్నట్టు లెక్క. 0.5 లోపు వస్తే ఈ కట్టు కట్టకూడదు, కాలికి అందుతున్న కాస్త రక్తాన్నీ ఆపేసినట్టవుతుంది. అందుకే క్రేప్ బ్యాండేజీ కొనుక్కొచ్చి ఇంట్లో మీరే బిగించి కట్టొద్దని చెప్పేది.

సరైన కట్టు పడ్డాక కూడా మూడు నెలల్లో మానే దారి పట్టకపోయినా, అంచులు గట్టిపడి పైకి లేస్తున్నా, అంచు నుంచి ముక్క తీసి బయాప్సీ చేయించాలి. ఏళ్ల తరబడి మానని పుండు అరుదుగానైనా క్యాన్సర్‌గా మారుతుంది.

ప్రశ్న: నాకు షుగర్ వచ్చి 12 ఏళ్లు. అరికాల్లో బొటనవేలి మొదట్లో ఆనెకాయ పగిలి చిన్న రంధ్రం పడింది. నొప్పి లేదు. సాక్సుకు మాత్రం తడి అంటుతోంది.

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో అందరికంటే తొందరపడాల్సింది మీరే. ఇవాళో రేపో చూపించుకోండి. నొప్పి లేకపోవడం ఇక్కడ శుభవార్త కాదు, నరాలు మొద్దుబారాయనడానికి గుర్తు. పైకి పెన్ను మొనంత రంధ్రమే కనబడుతుంది, గట్టి చర్మం కింద పుండు సంచిలా విస్తరించి ఉండవచ్చు. డాక్టరు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగను పాదానికి తాకించి స్పర్శ చూస్తారు. ఆనెకాయ చెక్కి, మొద్దు మొన ఉన్న స్టీలు పుల్లను పుండులోకి పోనిస్తారు. అది గట్టిగా ఎముకకు తగిలితే ఎముకకు ఇన్‌ఫెక్షన్ పట్టిందని అనుమానించాలి. మొదటి ఎక్స్‌రే బాగుందని ధీమా పడకండి. ఎముకలో మార్పు ఎక్స్‌రేకు చిక్కడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

చికిత్సలో అసలైన భాగం ఆ చోటు మీద బరువు పడకుండా చూడటం. మోకాలి దాకా వచ్చే ప్రత్యేకమైన కట్టు గానీ బూటు గానీ ఇస్తారు. ‘బాత్రూం వరకే కదా’ అని దాన్ని విప్పి నడిచే నాలుగడుగులే రోజుల తరబడి పడ్డ శ్రమను చెడగొడతాయి. వారానికోసారి పుండు పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో రాసి పెట్టుకోండి. మొదట 2 × 2, అంటే 4 చదరపు సెంటీమీటర్లు ఉంటే, నాలుగు వారాలకు 2 చదరపు సెంటీమీటర్లకు దిగాలి. దిగకపోతే చికిత్సను మళ్లీ మొదటి నుంచి పరిశీలించమని అడగండి. ఆనెకాయను బ్లేడుతో కోయడం, యాసిడ్ ప్లాస్టర్ అంటించడం, వేడినీళ్లలో పాదం పెట్టడం, మూడూ వద్దు.

ప్రశ్న: నాన్నగారు సిగరెట్లు బాగా కాలుస్తారు. కాలి వేలి చివర చిన్న పుండు. రాత్రిళ్లు నొప్పితో నిద్ర ఉండదు. కాలు మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉందంటారు. ఎందుకలా?

జవాబు: ధమనులు పూడుకుపోయి వేళ్ల దాకా రక్తం చేరడం లేదు. కాలు దించితే బరువుకు కాస్త రక్తం దిగుతుంది, అదే ఆ హాయి. పాదం చల్లగా, వెంట్రుకలు రాలి నున్నగా ఉంటుంది. రక్తనాళాల నిపుణుడికి రెండు మూడు రోజుల్లోనే చూపించండి. మూసుకుపోయిన ధమని తెరిస్తేనే పుండు మానుతుంది. మొదటి ప్రశ్నలోని అమ్మగారు పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి, మీ నాన్నగారు మాత్రం అలా పెట్టకూడదు. వేలి మీద ఎండిన నల్లటి పెచ్చు ఉంటే గిల్లకండి, తడిపి ఊడదీయకండి. సిగరెట్ ఇవాళే ఆపాలి.

ప్రశ్న: పుండును రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి గాలికి ఆరబెడుతున్నాను. సరేనా?

జవాబు: కాదు. ఆ నురగ కొత్తగా పుట్టే కణాలనూ చంపుతుంది. సెలైన్‌తో గానీ, కాచి చల్లార్చిన నీటితో గానీ కడిగి, అంటుకోని గాజ్ గుడ్డ వేసి కప్పండి. కొంచెం తేమగా ఉన్న పుండు మీదే కొత్త చర్మం పాకుతుంది. ఎర్రదనం, వాపు, చీము లేని పుండుకు యాంటీబయాటిక్ మాత్రలతో పనిలేదు.

ప్రశ్న: అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన లక్షణాలు ఏవి?

జవాబు: పుండు చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్లు దాటి పాకుతుంటే (అంచు వెంట పెన్నుతో గీత గీయండి, కొన్ని గంటల్లోనే తెలిసిపోతుంది). చలిజ్వరం. పుండు నల్లబడటం, కుళ్లు వాసన, నొక్కితే లోపల చిటపటలాడటం. పాదం ఉన్నట్టుండి చల్లబడి పాలిపోవడం. షుగర్ ఉన్నవాళ్లకు జ్వరం రాకుండానే ఇన్‌ఫెక్షన్ ముదరొచ్చు, కారణం లేకుండా షుగర్ పెరిగిపోయినా అనుమానించండి. ఉబ్బిన సిర పగిలి రక్తం చిమ్మితే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదిమిపట్టి, ఆ తర్వాత తీసుకెళ్లండి. అప్పటికీ ఆగకపోతే అదుముతూనే బయల్దేరండి.